పార్సిల్ ఆగిందని, కరెంటు తీసేస్తామని వచ్చే మెసేజీలను పరీక్షించే పద్ధతి

"మీ పార్సిల్ గోదాముకు చేరింది, చిరునామా సరిగా లేనందున బట్వాడా చేయలేకపోయాము, 12 గంటల్లోగా ఈ లింకులో వివరాలు సరిచేయండి" అని తపాలా శాఖ పేరిట ఒక మెసేజీ వస్తుంది. "గత నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాము, వెంటనే ఈ అధికారికి ఫోన్ చేయండి" అని విద్యుత్ సంస్థ పేరిట ఇంకొకటి వస్తుంది. ఈ మెసేజీలు పంపేవారు ముందు ఒక నష్టం చూపించి భయపెడతారు, ఇంట్లో ఎవరినైనా అడిగే వ్యవధి కూడా లేకుండా గడువు పెడతారు, గండం గడిచే దారి కూడా తామే చూపిస్తారు. అక్షరదోషాలుంటే మోసమని గుర్తించవచ్చన్న పాత సలహాను ఇక నమ్ముకోకూడదు, ఎందుకంటే ఇప్పుడు ఇవి చక్కటి తెలుగులోనే వస్తున్నాయి.

మొదట చూడవలసింది పంపినవారి పేరు. మన దేశంలో బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, వ్యాపార సంస్థలు టెలికం ఆపరేటర్ల వద్ద నమోదు చేసుకున్న హెడర్‌తోనే, అంటే పంపినవారి నంబరుకు బదులు కనిపించే పొట్టి పేరుతోనే, మెసేజీలు పంపాలి. 2025 నుంచి ఆ హెడర్ చివర గీత తరువాత ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటోంది: ప్రకటన అయితే పి, సేవల సమాచారమైతే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వ సందేశమైతే జి. కాబట్టి తపాలా శాఖ పేరు చెప్పుకుంటూ మామూలు పది అంకెల నంబరు నుంచో, విదేశీ నంబరు నుంచో వచ్చినదాన్ని అక్కడే అనుమానించాలి. అయితే నమోదైన హెడర్లను కూడా మోసగాళ్లు వాడుకున్న సందర్భాలున్నాయి కనుక, హెడర్ సరిగా కనిపించినంత మాత్రాన నిజమని తేల్చుకోరాదు.

రెండవది లింకు. దాన్ని నొక్కకుండానే చదవవచ్చు. సైటు పేరు ముగిశాక వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి, ఎందుకంటే సైటు ఎవరిదో చెప్పేది ఆ చివరి భాగమే. తపాలా శాఖ చిరునామా 'ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. ముందు భాగంలో 'ఇండియాపోస్ట్' అని ఉండి, చివర 'డాట్ టాప్' అనో 'డాట్ ఎక్స్‌వైజెడ్' అనో ఉంటే అది తపాలా శాఖది కాదు. బ్యాంకుల సైట్లు 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కనుక, బ్యాంకు లింకు విషయంలో ఆ ముగింపు కోసం చూడండి. కుదించిన లింకులో అసలు చిరునామా కనిపించదు, కాబట్టి దాన్ని తెరవనే వద్దు.

ఇంత చూసినా సందేహం తీరకపోతే, మెసేజీ చూపిన దారిలో కాకుండా మీకు ముందే తెలిసిన దారిలో వెళ్లి కనుక్కోండి. కరెంటు బిల్లు సంగతి పాత బిల్లు మీది సర్వీసు నంబరుతో డిస్కం (మీ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) యాప్‌లో చూడవచ్చు, లేదా 1912కు ఫోన్ చేసి అడగవచ్చు.

ట్రాఫిక్ చలానా పేరిట వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవి) వీటన్నిటికంటే ప్రమాదకరమైనవి. అది ఇన్‌స్టాల్ అయి మెసేజీలు చదివే అనుమతి పొందితే, మీ ఓటీపీలు మీరు ఎవరికీ చెప్పకుండానే మోసగాడికి చేరిపోతాయి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను, కార్డులను ఆపించండి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచిపెట్టవద్దు, ఇంట్లో పెద్దవారు దాచినా మందలించవద్దు, ఎందుకంటే ఇక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉంది. బ్యాంకుకు, జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే, ఆ సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారుడే వివరాలు చెప్పి మోసపోయినా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే.

డబ్బు పోకపోయినా, కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఆ మెసేజీపై ఫిర్యాదు చేయవచ్చు. పంపినవారికి తిట్టుతూ కూడా జవాబు ఇవ్వకండి, మీ నంబరు వాడుకలో ఉందని వారికి తెలుస్తుంది. మెసేజీని తొలగించే ముందు నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు నమోదు చేసేటప్పుడు, బ్యాంకు లావాదేవీ సంఖ్యతో పాటు దాన్ని కూడా జతచేయవలసి ఉంటుంది.