పాత రైలు వంతెనను నడకదారిగా, సైకిల్‌ దారిగా మలచడం ఎలా?

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరిపై నిలిచిన హేవలాక్ వంతెన మీద 1900 ఆగస్టు నుంచి 1997 వరకు రైళ్లు తిరిగాయి. ఒక్కొక్కటి 150 అడుగుల నిడివి గల 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), రాతి స్తంభాలు, వాటిపై ఉక్కు గర్డర్లు (దూలాలు) దాని స్వరూపం. కొత్త ఆర్చి వంతెన వచ్చాక పాతది ఖాళీగా మిగిలిపోయింది. 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగాక, ఈ వంతెనపై మళ్లీ జనం నడుస్తారన్న ఆశ చిగురించింది. ఇంతటి కట్టడాన్ని పాదచారులకు, సైకిళ్లకు అప్పగించాలంటే పని ఏ వరుసలో సాగాలో, ఊరివాళ్లు అధికారులను ఏమేమి అడగాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ వరుసే. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నదిపై ఉన్న వేలాడే వంతెన, మరమ్మతుల తరువాత తెరిచిన కొద్ది రోజులకే, 2022 అక్టోబరు 30న కూలి 135 మంది ప్రాణాలు తీసింది. ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అంతకు ముందే తుప్పు పట్టి దెబ్బతిన్నాయని, ఆ కేబుళ్లను మార్చకుండానే పాత కొయ్య పలకల స్థానంలో అల్యూమినియం పలకలు పరచడంతో బరువు పెరిగిందని దర్యాప్తు బృందం తేల్చింది. అంటే కంటికి కనిపించే నేల మారింది, బరువు మోసే ఎముక మారలేదు. అందుకే పునరుద్ధరణ నది అడుగు నుంచి మొదలై పైకి రావాలి. రంగులు, దీపాలు, సెల్ఫీ పాయింట్లు చివరి మాట.

పనికి ముందు యాజమాన్యం ఎవరిదో కాగితాల మీద స్పష్టంగా తేలాలి, పాత డ్రాయింగులు, తనిఖీ రిజిస్టర్లు రైల్వే నుంచి చేతికి రావాలి. ఇవి లేకుండా పిలిచిన టెండరు అంచనాలన్నీ ఊహలే అవుతాయి.

తరువాత పునాదులు. వరద ఉద్ధృతికి స్తంభాల చుట్టూ ఇసుక కోసుకుపోయి గుంటలు పడతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను కూడా ఈ వంతెన తట్టుకుని నిలిచింది, అయితే అప్పుడు నిలిచింది కదా అని ఇప్పుడు పరీక్ష మానకూడదు. వానాకాలానికి ముందొకసారి, వరద తీశాక మరొకసారి శబ్దతరంగాలతో లోతు కొలిచే ఎకో సౌండర్‌తోనూ, మునిగి చూసే డైవర్లతోనూ ప్రతి స్తంభం దగ్గరా లోతు కొలిపించి, ఆ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రాతి కట్టుబడిలో మొలిచిన రావి మొక్కలను పట్టి లాగితే వేరుతో పాటు రాయి కూడా కదులుతుంది, కనుక కాండాన్ని కోసి, వేరును మందుతో చంపి, ఎండిన తరువాతే సందు పూడ్చాలి. అతుకు సున్నంతో కట్టినదో సిమెంటుతో కట్టినదో ముందు పరీక్ష చేయించాలి. సున్నపు కట్టుబడి అయితే డంగు సున్నంతోనే పూడ్చాలి. గట్టి సిమెంటు పూత లోపలి తేమను బయటికి పోనివ్వదు, ఆ తేమ రాయిని అంచుల నుంచి తినేస్తుంది.

ఉక్కు పని ఎక్కువ సమయం, ఎక్కువ నైపుణ్యం అడుగుతుంది. నూరేళ్లు దాటిన గర్డర్లు రివెట్లతో, అంటే రెండు కొసలా తల ఉండే ఉక్కు మేకులతో, బిగించినవి. అనుభవం ఉన్న పనివాడు రివెట్ తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొడతాడు. బిగువుగా ఉంటే గట్టి మోత తప్ప వేలికి ఏమీ తెలియదు, వదులైతే రివెట్ వేలి కింద అదురుతుంది. తల చుట్టూ ఎర్రటి చార కారి ఉంటే లోపల కదలిక ఉన్నట్టే. అలాంటి చోట అధిక బలం గల బోల్టులు వేయించాలి. ఆ కాలపు ఉక్కును చిన్న ముక్క కోసి ప్రయోగశాలకు పంపకుండా వెల్డింగ్ చేయనివ్వకండి, ఎందుకంటే దానిలోని మలినాల వల్ల అతికిన చోటే పగులు రావచ్చు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, రంగు గీకేటప్పుడు పరంజా చుట్టూ గుడ్డ కట్టి, రాలిన పొడి ఒక్క పిడికెడు కూడా నదిలో పడకుండా పోగుచేయాలి. ఆ నీళ్లు తాగేది మనమే.

గర్డర్ల చివర, ఉక్కు సాగినప్పుడు జరిగేందుకు స్తంభంపై అమర్చిన బేరింగులను చాలామంది మరచిపోతారు. 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు 45.7 మీటర్ల ఉక్కు స్పాన్ దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది. దుమ్ము, పావురాల రెట్ట పేరుకుని బేరింగు బిగుసుకుపోతే ఆ ఒత్తిడంతా రాతి స్తంభం తలపై పడుతుంది. వాటిని శుభ్రం చేసి గ్రీజు పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

ఇక బరువు లెక్క. రైళ్లనే మోసింది, మనుషులను మోయదా అనే వాదన వినడానికి బాగుంటుంది, కానీ ఆ మోసింది తుప్పు పట్టని రోజుల్లో. జనం గుమిగూడే చోట వంతెనలకు చదరపు మీటరుకు 500 కిలోల భారం లెక్కవేయాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) నియమావళి చెబుతోంది. 4 మీటర్ల వెడల్పు దారికి ఒక్క స్పాన్‌పై అది సుమారు 91 టన్నులు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, కనుక అంత గుంపు నిజంగానే చేరుతుందని భావించి లెక్క కట్టాలి. నేలగా 15 సెంటీమీటర్ల కాంక్రీటు వేస్తే మరో 68 టన్నులకు పైగా చేరుతుంది. అమెరికాలో హడ్సన్ నదిపై 1889 నాటి పొకీప్సీ రైలు వంతెన 1974లో అగ్నిప్రమాదంలో దెబ్బతిని మూతపడి, 2009లో కాంక్రీటు పలకలతో 2 కిలోమీటర్ల నడకదారిగా తెరుచుకుంది. మన గర్డర్లలో మిగిలిన మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచాకే కాంక్రీటా, తేలికపాటి ఫైబర్ పలకలా అన్నది తేల్చాలి.

నేల పరిచేటప్పుడు వర్షంలో జారని గరుకు ఉండాలి. పలకల మధ్య సందు సైకిల్ వెళ్లే దిశలో ఉంటే సన్నటి చక్రం అందులో దిగి మనిషి పడిపోతాడు, అందుచేత సందులు అడ్డంగా రావాలి, స్పాన్ల కలయిక వద్ద మూత పలక నేలతో సమంగా కూర్చోవాలి. సైకిల్ మీద ఉన్నవాడు రెయిలింగు మీదుగా బోర్లా పడకుండా దాని ఎత్తు 1.4 మీటర్లు ఉంటే మంచిది, కడ్డీల మధ్య పిల్లల తల దూరకూడదు. రెండు కొసలా మోటారు సైకిళ్లను ఆపే స్తంభాలు పాతి, వాటి మధ్య చక్రాల కుర్చీ పట్టేంత ఎడం వదలాలి. ఎక్కే వాలు 20కి 1 మించకూడదు.

రెండున్నర కిలోమీటర్లకు పైగా నీడ లేని ఉక్కు దారిలో మే నెలలో ఎవరూ నడవలేరు. భారం నేరుగా స్తంభాల మీదికి దిగే చోట్ల చిన్న నీడ పందిళ్లు, బెంచీలు, మంచినీళ్లు ఏర్పాటు చేయాలి. దీపాలు మోకాలి ఎత్తున, కిందికి వెలుగు పడేలా ఉంటే చాలు.

దారి తెరిచే రోజుకే ప్రతి స్తంభానికీ పెద్ద అంకెలతో సంఖ్య వేయించి, ఒక్కొక్క దానికి ఒక పేజీ చొప్పున తనిఖీ పుస్తకం సిద్ధం చేయాలి. ఏటా వరద తీశాక అదే చోటు నుంచి తీసిన ఫొటోను, కొలిచిన లోతును, వదులైన రివెట్ల లెక్కను అందులో చేర్చి, ఆ పుస్తకం నకలును ఊరివాళ్లు ఎప్పుడైనా చూడగలిగేలా పురపాలక కార్యాలయంలో ఉంచాలి.