చేరదీసిన కుక్క తినదు, దాక్కుంటుంది, కాళ్లీడుస్తుంది: కారణం పట్టడం, సరిచేయడం

రోడ్డు మీద నుంచి, షెల్టర్ నుంచి, హింసించిన చేతుల నుంచి వచ్చిన కుక్క వింతగా ప్రవర్తిస్తే ముందు ఒంట్లో ఏముందో చూడాలి, తర్వాత భయం సంగతి, ఆ రెండూ కాదని తేలాకే అలవాటు సంగతి. ఈ వరుస తప్పితే చెవిపోటుతో కరిచే కుక్కకు నెలల తరబడి క్రమశిక్షణ నేర్పుతూ కూర్చుంటాం.

వచ్చి రెండు రోజులైంది, గిన్నె ముట్టలేదు

పెద్ద కుక్క, నీళ్లు తాగుతోంది, కళ్లలో చురుకుంది: చాలావరకు ఇది భయమే. గిన్నెను అది దాక్కున్న చోటికి దగ్గరగా, గోడవైపు పెట్టి మీరు గదిలోంచి వెళ్లిపోండి. 20 నిమిషాల తర్వాత వచ్చి తీసేయండి, మళ్లీ పూటకి కొత్తగా పెట్టండి. తింటుందా లేదా అని పక్కనే నిలబడి చూస్తుంటే చాలా కుక్కలు నోరు తెరవవు. ఆహారం కాస్త గోరువెచ్చగా ఉంటే వాసన బాగా వస్తుంది, అదొక్కటే కొన్నిసార్లు సరిపోతుంది.

గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తల తిప్పుకుంటే వికారమో పంటి నొప్పో అనుమానించండి. ముద్ద నోట్లోకి తీసుకుని కింద పడేస్తే కచ్చితంగా నోరు తెరిపించి చూడాలి: విరిగిన పన్ను, చిగుళ్లలో ఇరుక్కున్న ఎముక ముక్క, నాలుక కింద చుట్టుకున్న దారం దొరుకుతుంటాయి. దారం కనబడితే లాగకండి, రెండో కొస పేగుల్లో ఉండొచ్చు. మలద్వారంలో కొలిస్తే కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 39.5 దాటినా, చిగుళ్లు పాలిపోయినా, నీళ్లు కూడా మానేసినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పిడుదులు పట్టి ఉన్న కుక్కలో జ్వరం, పాలిపోయిన చిగుళ్లు కలిసి కనబడితే పిడుదుల వల్ల సోకే ఎర్లీకియా, బబీసియా జబ్బులకు పరీక్షలు అడగండి.

చిన్న కుక్కపిల్లల విషయంలో రెండు రోజులు ఆగడమనే మాటే లేదు. మూడు నెలల లోపు పిల్ల కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతూ, ఒళ్లు చల్లబడుతుంటే చిగుళ్లకు తేనెగానీ చక్కెర పాకంగానీ రాసి, గుడ్డలో చుట్టి వెంటనే బయల్దేరండి.

ఎముకలు తేలిన కుక్క తిండి పెట్టగానే నీరసపడింది

మనసు కరిగి కడుపు నిండా పెట్టడమే ఇక్కడ ప్రమాదం. చాలా రోజులు పస్తున్న శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంటుంది, ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా పిండి పదార్థం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త ఖనిజాలు కూడా కణాల్లోకి వెళ్లిపోతాయి. రెండో రోజు నుంచి వారం లోపు తూలడం, ఊపిరి పైపైన ఆడడం, ముదురు ఎరుపు మూత్రం, మూర్ఛ రావచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. గుండె లయ తప్పి కుక్క చనిపోవచ్చు.

అందుకే లెక్కతో పెట్టాలి. ఇప్పుడున్న బరువునే తీసుకోండి, ఉండాల్సిన బరువును కాదు. దాన్ని అదే అంకెతో రెండుసార్లు గుణించి, కాలిక్యులేటర్‌లో వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించండి. 10 కిలోల కుక్కకు 10 × 10 × 10 అంటే 1000. వర్గమూలం రెండుసార్లు తీస్తే సుమారు 5.6. దాన్ని 70తో గుణిస్తే రోజుకు దాదాపు 394 కిలోకేలరీలు. ఇది విశ్రాంతిలో ఉన్న శరీరానికి కావాల్సిన శక్తి.

మొదటి రోజు అందులో పావు నుంచి మూడో వంతు, అంటే 100 నుంచి 130 కిలోకేలరీలే పెట్టండి. అదీ నాలుగు నుంచి ఆరు పూటలుగా. రెండో రోజు, మూడో రోజు కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి పూర్తి లెక్కకు చేరుకోవచ్చు. బరువు పెంచే ప్రయత్నం ఆ తర్వాతే. పిండి పదార్థం తక్కువగా, మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువగా ఉన్నది ఎంచుకోవాలి. డబ్బా మీద కేలరీలు రాసి ఉంటాయి, వంటింటి త్రాసుతో తూయండి. కళ్లతో అంచనా వేస్తే రెట్టింపు పడిపోతుంది.

వెన్నుపూస, తుంటి ఎముకలు దూరం నుంచే కనిపిస్తూ, కండ అసలు లేకుండా ఉన్న కుక్కకు ఇంట్లో మొదలుపెట్టకండి. తిండికి ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, రోజూ ఫాస్ఫేట్, పొటాషియం పరీక్ష ఆసుపత్రిలోనే కుదురుతాయి.

మొదటి వారం విరేచనాలు

తిండి మారడం, బెదురు, నులిపురుగులు, జియార్డియా అనే పేగుల పరాన్నజీవి ఇక్కడ సాధారణ కారణాలు. పాత చోట తిన్నదే మూడు నాలుగు రోజులు పెట్టి, తర్వాత వారం పది రోజుల్లో కొత్తది కలుపుతూ మార్చండి. పురుగుల మందు గుడ్డిగా వేసే ముందు మలం పరీక్ష చేయిస్తే మేలు, మామూలు మందుకు జియార్డియా లొంగకపోవచ్చు. టీకా పడని కుక్కపిల్లకు వాంతులు, నీరసంతో పాటు రక్త విరేచనాలైతే పార్వో వైరస్ అనుకుని గంటల్లో కదలాలి. ఇంట్లో వేరే కుక్కలుంటే కొత్తదాన్ని 14 రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి.

మంచం కింద దూరింది, చెయ్యి పెడితే గుర్రుమంటోంది

గుర్రుమనడం హెచ్చరిక. ఆ హెచ్చరిక మీకు చాలా విలువైనది. తిట్టి, కొట్టి దాన్ని మాన్పిస్తే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఇక ఆ కుక్క చెప్పకుండా కరుస్తుంది.

దాక్కునే చోటును దానికే వదిలేయండి. అక్కడి నుంచి ఎవరూ లాగకూడదు, పిల్లలు ఆ వైపు వెళ్లకూడదు. రోజుకు రెండు మూడుసార్లు కొంచెం దూరంలో పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, కళ్లలోకి చూడకండి. దానికిష్టమైన ముక్కను దాని ముందుకు కాదు, దాని వెనక పడేలా విసరండి. ముందు పడితే తిండి కోసం భయాన్ని మింగుకుని మీ దగ్గరికి రావాలి. తిన్న మరుక్షణం మీరింత దగ్గరగా ఉన్నారని గుర్తొచ్చి ఉలిక్కిపడి కరిచే కుక్కలున్నాయి. వెనక పడితే దూరం జరుగుతూ ఊరట పొందుతుంది, తనంతట తానే తిరిగి వస్తుంది.

ఒంట్లో ఒకే చోట ముట్టుకుంటే మాత్రమే గుర్రుమంటే అది భయం కాదు, నొప్పి. చెవులు, తుంటి, నడుము, పళ్లు వరసగా చూపించండి. బయటికి ఏమీ తెలియకపోతే కొన్నాళ్లు కుక్కలకు వాడే నొప్పి మందు ఇచ్చి మార్పు చూడమని డాక్టర్‌ను అడగొచ్చు. మనుషుల ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మీరే వేయకండి. మొదటిది కడుపునూ మూత్రపిండాలనూ, రెండోది కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

గిన్నె దగ్గర మాత్రమే కోపం వస్తే ఆ గిన్నె లాక్కుని ఎవరు పెద్దో చూపించే పని పెట్టుకోవద్దు. ఆకలి చూసిన కుక్కకు ఆ భయం న్యాయమైనదే. అది బిగుసుకోనంత దూరం నుంచి నడుస్తూ గిన్నెలో ఉన్నదానికన్నా మంచి ముక్క విసిరి ఆగకుండా వెళ్లిపోండి. దూరాన్ని వారాల మీద తగ్గించాలి.

కరిస్తే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం డాక్టర్‌ను కలవండి. కుక్క గతం తెలియనప్పుడు ఇందులో ఆలోచనకు తావు లేదు.

పట్టీ జారి పారిపోయింది

బెదిరిన కుక్క ముందుకు కాదు, వెనక్కి లాగుతుంది. తల కన్నా మెడ లావుగా ఉండే కుక్కలకు మామూలు కాలర్ అలాగే ఊడిపోతుంది, రెండు పట్టీల హార్నెస్ కూడా భుజాల మీదుగా వచ్చేస్తుంది. పక్కటెముకల వెనక, నడుము సన్నబడే చోట మూడో పట్టీ ఉన్న హార్నెస్ కొనండి. రెండు వేళ్లు దూరేంత బిగింపు చాలు. మొదటి కొన్ని వారాలు రెండు తాళ్లు వాడండి, ఒకటి హార్నెస్‌కు, ఒకటి కాలర్‌కు. బయటి తలుపు తీసే ముందు లోపలి తలుపు వేసే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉండాలి.

తప్పించుకుంటే వెంటపడకండి, పేరు పెట్టి అరవకండి. కొత్త కుక్కకు ఆ పేరు వినగానే మీ దగ్గరికి రావాలని ఇంకా తెలియదు. తప్పిపోయిన చోట అది పడుకున్న దుప్పటి, కాస్త తిండి పెట్టి దూరంగా నిఘా వేయండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే సరిపోదు, రికార్డులో మీ ఫోన్ నంబర్ మారిందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఇంట్లో మూత్రం పోస్తోంది

ఎప్పుడు, ఎంత అన్నది గమనిస్తే కారణం దొరుకుతుంది. నిద్రలో పడుకున్న చోటే తడిస్తే మూత్రద్వార కండరం వదులైంది, ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో ఎక్కువ, మందుంది. కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తే ఇన్ఫెక్షనో రాయో ఉండొచ్చు. మీరు వంగి పలకరించినప్పుడే జారితే బెదురు, వంగడం మానేసి పక్కకు తిరిగి పలకరించండి. ఒంటరిగా వదిలినప్పుడే అయితే కెమెరా పెట్టండి. వెళ్లిన అరగంటలోపు గోలపెట్టి, తలుపు గీకి, చొంగ కారుస్తుంటే అది మొండితనం కాదు, విడిగా ఉండలేని భయం. కొన్ని సెకన్ల నుంచి మొదలుపెట్టి, అది కంగారు పడకముందే తిరిగొస్తూ సమయం పెంచాలి. తీవ్రంగా ఉంటే డాక్టర్ ఫ్లూయోక్సెటిన్ లాంటి ఆందోళన తగ్గించే మందులు రాస్తారు, దాని గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేల తుడవడానికి ఎంజైమ్ క్లీనర్ వాడండి. అమ్మోనియా ఉన్నది మూత్రం వాసనే వేస్తుంది.

వెనక కాళ్లు పడిపోయాయి, మూత్రం ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారుతోంది

నిన్న నడిచిన కుక్క ఈరోజు కాళ్లీడుస్తుంటే అది అత్యవసరం. చదునైన పలక మీద పడుకోబెట్టి ఆ గంటలోనే తీసుకెళ్లండి, కాలి వేళ్లలో నొప్పి తెలియని స్థితికి చేరాక ఆపరేషన్ ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది.

పక్షవాతం స్థిరపడిన కుక్కలో చుక్కలు కారుతున్నాయంటే మూత్రాశయం ఖాళీ అవుతోందని కాదు, తరచూ అది పొంగి పొర్లుతోందని. రోజుకు మూడు నాలుగుసార్లు చేత్తో నొక్కి తీయాలి, ఎనిమిది గంటలకు మించి వదలకూడదు. కుక్కను నిలబెట్టి, రెండు అరచేతులూ పొట్టకు రెండు వైపులా వెనక తొడలకు కాస్త ముందు పెట్టండి. వేళ్లను చాచి మెల్లగా దగ్గరికి తెస్తే నీళ్లు నింపిన బెలూన్‌లా తగులుతుంది. వేలికొసలతో పొడవకుండా, నిలకడగా, తోకవైపుకు ఒత్తండి. ధార సన్నగిల్లాక వదిలి, అర నిమిషం ఆగి మళ్లీ ఒత్తండి. మొదటిసారి డాక్టర్ చేతుల మీద మీ చేతులు పెట్టి నేర్చుకోవాలి. ఎంత నొక్కినా రాకపోతే బలం పెంచకండి. నడుము పైభాగంలో దెబ్బతిన్న వెన్నులో ద్వారం బిగుసుకుపోతుంది, దాన్ని వదులు చేసే మందు ముందు వేయాలి. బలవంతం చేస్తే మూత్రాశయం చిట్లుతుంది.

మూత్రం మబ్బుగా ఉన్నా, వాసన మారినా కల్చర్ పరీక్ష (ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్ష) చేయించండి. ఇలాంటి కుక్కకు మంట తెలియదు కాబట్టి ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకినా మూలగదు.

తడి చర్మం, ఒకే వైపు పడుకోవడం రెండూ కలిస్తే పుండ్లు పడతాయి: తుంటి, మోచేయి, మడమ దగ్గర. రెండు నుంచి నాలుగు గంటలకోసారి వైపు మార్చండి. మందపాటి ఫోమ్ మీద నీరు ఇంకని కవర్, దాని పైన తడిని కిందికి వదిలే ఉన్ని పరుపు వేయండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. రంగు మారకపోతే పుండు లోపల మొదలైనట్టే. జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయకండి, నాకితే విషం. పల్చగా పెట్రోలియం జెల్లీ చాలు.

చక్రాల బండిని మొదట 5 నుంచి 10 నిమిషాలతో మొదలుపెట్టండి, వీపు నేలకు సమాంతరంగా ఉండాలి. అందులో కుక్క పడుకోలేదు, అందుకే చూసేవాళ్లు లేనప్పుడు కట్టి ఉంచకూడదు. దింపిన ప్రతిసారీ పట్టీ ఆనిన చోట చూడండి.

తిన్నది గొట్టంలా బయటికొస్తోంది

పొట్ట ఎగరకుండా, తల వంచగానే అరగని తిండి జారిపడితే అది మామూలు వాంతి కాదు. అన్నవాహిక సాగిపోయి ముద్దను కిందికి నెట్టలేకపోతోంది, దీన్ని మెగాఈసోఫేగస్ అంటారు. గట్టి తిండి మొదలెట్టినప్పుడే పిల్లలో కనిపిస్తే గుండె దగ్గరి రక్తనాళం బిగిసి ఉండొచ్చు, దానికి ఆపరేషన్ ఉంది. పెద్దవాటిలో మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) పరీక్ష చేయించాలి. కుక్కను నిలబెట్టి తిండి పెట్టడమే అసలు చికిత్స: ముందుకాళ్లు ఎత్తుగా ఆనించి, తిన్నాక 10 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచాలి. కొన్నిటికి పలచని జావ, కొన్నిటికి మెత్తని ఉండలు దిగుతాయి, మీ కుక్కకు ఏది దిగుతుందో పెట్టి చూసి తెలుసుకోవాలి. నీళ్లకూ ఇదే నియమం. దగ్గు, జ్వరం, నిద్రలో నిమిషానికి 30కి పైగా శ్వాసలు వస్తే తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటుంది, ఆగొద్దు.

మూడు కాళ్లు, చెవుడు, గుడ్డితనం

ముందుకాళ్లు దాదాపు 60 శాతం బరువు మోస్తాయి, అందుకే ముందుకాలు పోయిన కుక్క త్వరగా అలసిపోతుంది. బరువు పెరగనివ్వకండి, గోళ్లు పొట్టిగా ఉంచండి, జారే నేలంతా చాపలు పరచండి.

చెవిటి కుక్క నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఒకే భుజాన్ని తాకి వెంటనే తినుబండారం ఇస్తూ ఉంటే, ఆ స్పర్శ మంచి కబురవుతుంది. నిద్ర లేపాలంటే దూరం నుంచి నేలను తట్టండి.

గుడ్డి కుక్క ఇంట్లో సామాను కదపకండి, మెట్ల ముందు గరుకు చాప వేయండి, ముట్టుకునే ముందు మాట్లాడండి. చూపు పోయాక కూడా కన్ను ఎర్రబడి, మబ్బుగా, ఉబ్బినట్టు కనబడితే గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరగడం) కావచ్చు, అది చాలా నొప్పి పెడుతుంది.

మూర్ఛ

నోట్లో చెయ్యి, చెంచా పెట్టకండి. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, సమయం చూస్తూ వీడియో తీయండి. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా వెంటనే ఆసుపత్రి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నుంచి బతికి బయటపడ్డ కుక్కలో ఒక కాలో, దవడో నిద్రలోనూ లయగా అదురుతుంటుంది. స్పృహలో ఉండి అదురుతుంటే అది వేరే సమస్య, వీడియో చూస్తే డాక్టర్ తేల్చగలరు. మూర్ఛలు ఆపే ఫినోబార్బిటాల్ రాస్తే సరిగ్గా 12 గంటలకోసారి వేయాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మొదట్లో దాహం, ఆకలి, మగత పెరుగుతాయి, మగత రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మూర్ఛలు ఆగాయని మందు హఠాత్తుగా మానేస్తే ముందుకన్నా తీవ్రంగా వస్తాయి, కాబట్టి సీసాలో వారం రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొత్త చీటీ రాయించుకోండి.