ఎదిగే కుక్కపిల్ల కాళ్లు, కీళ్లు: ఏడాది నిండే వరకు తీసుకోవలసిన జాగ్రత్తలు

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వంటి పట్టణాల్లో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ పిల్లలను పెంచే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పుట్టినప్పుడు అర కిలో తూగే లాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి పాతిక కిలోలు దాటుతుంది. ఆ బరువును మోయవలసిన ఎముకలు కూడా అదే కాలంలో తయారవుతూ ఉంటాయి. కాలి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. చిన్న జాతుల్లో ఈ పొర సుమారు 8 నుంచి 10 నెలలకు, పెద్ద జాతుల్లో 12 నుంచి 18 నెలలకు, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల్లో మరికొంత ఆలస్యంగా గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అంతవరకు కాలు మొత్తంలో బలహీనమైన చోటు అదే. పెద్ద కుక్కకు బెణుకుతో పోయే దెబ్బ పిల్లలో ఆ పొరనే విరగగొట్టవచ్చు.

కీళ్ల లోపాల్లో వంశపారంపర్యంగా వచ్చే భాగాన్ని పిల్ల ఇంటికి వచ్చాక మనం మార్చలేము. తిండి, బరువు, నేల, వ్యాయామం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటాయి. పెద్ద జాతి పిల్లలకు తక్కువ చేసినందువల్ల జరిగే హాని కంటే, ప్రేమతో ఎక్కువ చేసినందువల్ల జరిగే హానే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే ఇక్కడ తిండి గురించి కొంత వివరంగా చెబుతాను.

వారానికొకసారి ఎలా పరీక్షించాలి

పిల్లను గరుకు నేల మీద నిలబెట్టి ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి చూడండి. ముందు కాళ్లు దాదాపు నిటారుగా ఉన్నాయా, పాదాలు బయటికి తిరుగుతున్నాయా, ఒక కాలు రెండవదాని కంటే వంగిందా అన్నది గమనించండి. తర్వాత ఎవరినైనా పిలవమని చెప్పి, అది కూర్చున్న చోటి నుంచి లేచే తీరును, నడకను, పరుగును ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు గదిలో భయంతోనో ఉత్సాహంతోనో పిల్ల కుంటును దాచేస్తుంది కనుక ఈ వీడియో చాలా ఉపయోగపడుతుంది. పరుగులో వెనుక కాళ్లు రెండింటినీ కుందేలులా ఒక్కసారే ఎత్తి వేయడం, లేవడానికి ముందు కాళ్లపై ఆధారపడడం, ఆటలో తోటి పిల్లల కంటే ముందే పడుకుండిపోవడం వంటివి తుంటి బాధకు తొలి గుర్తులు కావచ్చు.

ముందు కాలి మణికట్టు కీలుకు కాస్త పైన పెద్ద జాతి పిల్లలందరికీ ఉబ్బెత్తుగా ఉంటుంది. అది గ్రోత్ ప్లేట్ ఉన్న చోటు. దానిని చూసి ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు అనుకొని కాల్షియం మొదలుపెట్టే వారు చాలామంది ఉన్నారు. రెండు కాళ్లూ ఒకేలా ఉండి, నొక్కితే నొప్పి, వేడి లేకపోతే అది సహజమైన ఎదుగుదలే. ఒక కాలికే వాపు ఉన్నా, తాకితే పిల్ల అరిచినా, జ్వరం ఉన్నా మాత్రం ఆలస్యం చేయకూడదు.

తిండి, కాల్షియం

మన ఇళ్లలో కుక్కపిల్లల తిండి సాధారణంగా రెండు రకాలుగా గాడి తప్పుతుంది. మొదటిది అన్నంలో ఎముక లేని కోడిమాంసం కలిపి పెట్టడం, లేదా నెలల తరబడి పెరుగన్నంతోనే సరిపెట్టడం. మాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు మించి ఉంటుంది, అన్నంలో కాల్షియం దాదాపు లేనట్టే. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసే పారాథైరాయిడ్ గ్రంథి అప్పుడు ఎముకల నుంచే దానిని లాగుతుంది. కొన్ని వారాల్లో ఎముకలు పలచబడి, పిల్ల నిలబడడానికి ఇష్టపడదు, నడుము కిందికి జారుతుంది, మంచం మీది నుంచి దూకినా కాలు విరుగుతుంది. రాగి జావలో కాల్షియం ఉన్నప్పటికీ, అందులోని ఫైటేట్లు దానిని పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. అందుచేత జావ ఒక్కదాని మీద ఆధారపడడం సరి కాదు.

రెండవది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కంపెనీ పెడిగ్రీ తిండి పెడుతూనే, పైన కాల్షియం టానిక్, ఎముకల పొడి కూడా ఇస్తారు. ఆరు నెలల లోపు పిల్ల పేగులకు, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, అవసరానికి మించిన కాల్షియాన్ని అడ్డుకునే శక్తి తక్కువ కాబట్టి అక్కర లేని కాల్షియం కూడా రక్తంలోకి చేరిపోతుంది. ఫలితంగా మృదులాస్థి ఎముకగా మారే క్రమం దెబ్బతిని, కీళ్లలో పొరలు ఊడడం, కాళ్లు వంకరపోవడం జరుగుతాయి. పిల్ల కాళ్లు వంగాయని కాల్షియం పెంచితే, అదే కాల్షియం వల్ల వంకర ఇంకా పెరగవచ్చు.

కాబట్టి, పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతి అయితే, సంచి మీద పెద్ద జాతి పిల్లల కోసమని స్పష్టంగా రాసిన తిండిని ఎంచుకోండి. అమెరికాలో పశు ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో సంస్థ ఈ పిల్లల తిండిలో తేమ తీసేసిన లెక్కన కాల్షియం 1.2 నుంచి 1.8 శాతం మధ్య ఉండాలని, కాల్షియం ఫాస్ఫరస్‌కు సమానంగానో లేదా గరిష్ఠంగా రెట్టింపుగానో ఉండాలని చెబుతుంది. ఇటువంటి తిండి తింటున్న పిల్లకు వేరే కాల్షియం అక్కర లేదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే, ఎంత బియ్యానికి ఎంత మాంసం, ఎంత కాల్షియం కార్బొనేట్ కలపాలో పిల్ల బరువును బట్టి పశువైద్యుని చేత లెక్క వేయించుకోవలసిందే. అంచనాతో కలపవద్దు. ఉడికించిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి కనుక కాల్షియం కోసం వాటిని పెట్టవద్దు.

ఎండలో పడుకోబెడితే విటమిన్ డి వస్తుందన్న మాట మనుషుల విషయంలో నిజమే గానీ కుక్కలకు వర్తించదు. వాటి చర్మం అవసరమైనంత విటమిన్ డి తయారు చేయలేదు కాబట్టి అది తిండి ద్వారానే అందాలి. అలాగని మందుల దుకాణాల్లో దొరికే 60,000 యూనిట్ల గుళికను పిల్లకు వేయకండి. విటమిన్ డి మోతాదు మించితే మూత్రపిండాలు పాడవుతాయి.

ఇక బరువు సంగతి. బొద్దుగా ఉన్న పిల్లను చూసి అందరూ మెచ్చుకుంటారు, కానీ తుంటి, మోచేయి కీళ్లకు అంతకు మించిన భారం లేదు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించిన పరిశోధన 2002లో వెలువడింది. తక్కువ తిన్నవాటిలో తుంటి కీళ్ల అరుగుదల తక్కువగానూ, ఆలస్యంగానూ కనిపించింది. వాటి మధ్యస్థ ఆయుష్షు దాదాపు రెండేళ్లు ఎక్కువ. నెమ్మదిగా పెరిగిన పిల్ల చివరికి పొట్టిగా మిగిలిపోదు, తన జాతి ఎత్తుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే.

ప్రతి ఆదివారం పిల్లను ఎత్తుకొని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేసి రాసుకోండి. పక్కటెముకల మీద అరచేయి ఆనించి రుద్దితే ఎముకలు సులభంగా తగలాలి, పై నుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. ఎముకల కోసం వేళ్లతో వెతకవలసి వస్తే తిండిని పదో వంతు తగ్గించండి. గిన్నె రోజంతా నింపి ఉంచకుండా, కొలిచి, నాలుగు నెలల వరకు రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల వరకు మూడు, ఆ తర్వాత రెండు పూటలు పెట్టండి.

నేల, మెట్లు, వ్యాయామం

కరీంనగర్ గ్రానైట్ దగ్గరలోనే దొరకడంతో మన ప్రాంతపు ఇళ్లలో నున్నగా మెరిసే నేలలు ఎక్కువ. అటువంటి నేల మీద పిల్ల కాళ్లు ప్రతి అడుగుకూ పక్కలకు జారుతుంటాయి. తుంటి గిన్నెలో తొడ ఎముక తల గట్టిగా కుదురుకోవలసిన నెలల్లో ఆ జారుడు ఆ కీలును వదులు చేయవచ్చు. పిల్ల తిరిగే దారిలో గోనెపట్టాలు గానీ, కొబ్బరి పీచు చాపలు గానీ, పాత యోగా మ్యాట్లు గానీ పరచండి. గోళ్లు పెరగనివ్వకండి, పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి. నార్వేలో నాలుగు పెద్ద జాతుల పిల్లలపై జరిపిన అధ్యయనంలో, మూడు నెలల వయసు లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన వాటికి తుంటి లోపం ముప్పు పెరిగిందని, అదే వయసులో మెత్తని, ఎగుడుదిగుడు నేల మీద పట్టీ లేకుండా స్వేచ్ఛగా తిరిగిన వాటికి ముప్పు తగ్గిందని తేలింది. అందుచేత డాబా మెట్ల దగ్గర అడ్డు పెట్టండి. టీకాలు పూర్తయ్యాక ఉదయాన్నే గడ్డి నేలకో, మట్టి మైదానానికో తీసుకుపోయి దాని ఇష్టానికి తిరగనివ్వండి. బైక్ పక్కన పరిగెత్తించడం, బంతిని పదే పదే విసిరి పట్టించడం, ఎత్తు నుంచి దూకించడం ఏడాది నిండే వరకు వద్దు.

వయసును బట్టి వచ్చే సమస్యలు

రెండు నుంచి నాలుగు నెలల మధ్య డాబర్‌మన్, గ్రేట్ డేన్, లాబ్రడార్ పిల్లల్లో మణికట్టు కీలు ముందుకు మడతపడడం లేదా వెనక్కి వాలిపోవడం కనిపిస్తుంది. చూడడానికి భయం పుట్టించినా, గరుకు నేల, సరైన తిండి, తేలికైన నడక ఉంటే చాలా పిల్లల్లో కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. కర్రలు కట్టి బిగిస్తే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య మణికట్టుకు పైన వేడి వాపు, జ్వరం, తిండి మానడం కలిసి వస్తే అది ఎదిగే ఎముకల చివర్లు వాచే హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ అనే జబ్బు కావచ్చు, అదే రోజు చూపించాలి. నాలుగు నుంచి పది నెలల మధ్య రాట్‌వీలర్, లాబ్రడార్‌లలో ముందు కాలు కుంటితే మోచేయినీ, భుజాన్నీ అనుమానించాలి. జర్మన్ షెపర్డ్‌లో కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటే, ఎదిగే వయసులో పొడవాటి ఎముకల్లో వచ్చే పానాస్టియైటిస్ అనే వాపు కావచ్చు. అది నొప్పి పెట్టినా కాలక్రమంలో తనంతట తాను పోతుంది. పొమరేనియన్, షిట్జూ వంటి చిన్న జాతులు నడుస్తూ నడుస్తూ ఒక వెనుక కాలును రెండు అడుగులు వేసేంత సేపు ఎత్తి మళ్లీ దించితే మోకాలి చిప్ప జారుతోందని అర్థం. మన దగ్గర గోమార్ల బెడద ఎక్కువ కనుక, కుంటుతో పాటు జ్వరం, నీరసం ఉంటే గోమార్ల జ్వరానికి రక్తపరీక్ష కూడా అడగండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎలా

కాలు అసలు నేలకు ఆనించకపోయినా, కింద పడిన తర్వాత కుంటినా, జ్వరం ఉన్నా అదే రోజు వెళ్లాలి. తేలికపాటి కుంటు అయితే రెండు మూడు రోజులు గొలుసుతో నెమ్మదిగా నడిపిస్తూ విశ్రాంతి ఇచ్చి చూడవచ్చు, తగ్గకపోతే వెళ్లాలి. వరంగల్ దగ్గర మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి ఎక్స్‌రే తీస్తారో లేదో తెలుసుకోండి. పోల్చి చూడడానికి రెండు కాళ్లకూ ఎక్స్‌రే తీయమనండి. తుంటి ఎక్స్‌రేకు మత్తు ఇవ్వడం అవసరం, దానికి భయపడి వద్దనకండి. తుంటి వదులుగా ఉందని నాలుగైదు నెలల లోపే తెలిస్తే, కటి ఎముకలు కలిసే చోట ఎదుగుదలను ఆపే చిన్న శస్త్రచికిత్సకు వీలుంటుంది, ఆ గడువు దాటితే అది పనికిరాదు. అందుకే పెద్ద జాతి పిల్లకు నాలుగో నెలలో, కుంటు లేకపోయినా, తుంటి కీళ్లు పరీక్షించమని అడగండి.

పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మనుషుల నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వేయకండి, అవి కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పసరు కట్లు కూడా వద్దు. బిగుతు కట్టు కింద రక్తప్రసరణ ఆగితే కాలే పోవచ్చు. గ్రోత్ ప్లేట్ విరిగితే కొద్ది రోజుల్లోనే అతుక్కోవడం మొదలవుతుంది కాబట్టి, కట్టుతో గడిపిన వారం తర్వాత సరిచేయడం కష్టమవుతుంది. ముందు కాలి మీద పడిన పిల్లకు తొలి ఎక్స్‌రే బాగున్నా రెండు మూడు వారాలకు మళ్లీ తీయించండి. ముంజేతిలోని రెండు ఎముకల్లో అల్నా కింది చివర పెరగడం ఆగిపోతే పక్కనున్న రేడియస్ పెరుగుతూ విల్లులా వంగుతుంది, ఆ వంపు కంటికి కనిపించే ముందే ఎక్స్‌రేలో దొరుకుతుంది.

కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను పెద్ద జాతుల్లో ఏడాది నిండాక చేయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి, అంతకు ముందే చేసిన కొన్ని జాతుల్లో కీళ్ల సమస్యలు పెరిగినట్టు పరిశోధనలు చూపాయి. తుంటి లోపం తేలిన కుక్కను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఈనించకండి. కొత్తగా పిల్లను కొనబోయే వారు తల్లికీ, తండ్రికీ తీసిన తుంటి ఎక్స్‌రేలు చూపించమని అడగండి, అమ్మేవారు అవి లేవంటే వేరే చోట వెతకండి.