ఇంప్లాంట్ పన్ను స్క్రూ వదులు కాకుండా బిగించడం

ఇంప్లాంట్ మీద కట్టిన పన్ను ఆర్నెల్లకే కదిలితే, ఎముకలో వేసిందే ఊడిపోతోందని పేషెంటు హడలిపోతాడు. చాలాసార్లు వదులయ్యేది ఎముకలోని ఫిక్స్చర్ కాదు, దాని మీద అబట్‌మెంట్‌ను, అంటే పైపన్నును మోసే మధ్య భాగాన్ని, పట్టి ఉంచే చిన్న స్క్రూ.

ఆ స్క్రూ స్ప్రింగులా పనిచేస్తుంది. బిగించగానే దాని నడుము రవ్వంత సాగుతుంది. వెనక్కి ముడుచుకోవాలనే ఆ లాగుడే అబట్‌మెంట్‌ను ఫిక్స్చర్‌కు అదిమి ఉంచుతుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను హెడ్ బోల్టులు టార్క్ (తిప్పే బలం) కొలిచే రెంచితో బిగించే మేస్త్రీకి ఇది తెలిసిన సంగతే. మనం తిప్పే బలంలో ప్రీలోడ్‌గా మారేది సుమారు పదో వంతు. దాదాపు సగం స్క్రూ తల కింద, మిగతాది త్రెడ్లలో (మరల్లో) రాపిడికే పోతుంది. అందుకే మంచి స్క్రూకు తల అడుగు చదునుగా, నడుము పొడవుగా, త్రెడ్లు తక్కువగా ఉంటాయి. మొదటి మూడు త్రెడ్లే ఎక్కువ భారం మోస్తాయి, ఆపైన ఎన్ని పెట్టినా పెరిగేది రాపిడే. తల అడుగు ఏటవాలుగా ఉంటే బిరడాలా ఇరుక్కుంటుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ నడుము సాగదు.

ముందు ఫిక్స్చర్ లోపల సెలైన్‌తో కడగండి. చిగుళ్ల కండ ముక్క ఇరుక్కున్నా, పక్క పంటితో కాంటాక్ట్ మరీ గట్టిగా ఉన్నా అబట్‌మెంట్ పూర్తిగా కూర్చోదు. అందుకే చేత్తో బిగించి పెరియాపికల్ ఎక్స్‌రే (ఆ పంటి చోటు వరకే తీసే చిన్న ఎక్స్‌రే) తీయాలి. ఫిక్స్చర్ త్రెడ్లు రెండు వైపులా స్పష్టంగా కనబడితేనే కోణం సరైనది. జాయింటులో నల్ల గీత ఉంటే విప్పి మళ్లీ పెట్టండి.

గుంటూరులో కొలత తీసి విజయవాడ ల్యాబుకు పంపే కేసుల్లో ఒక జాగ్రత్త: ల్యాబులో పదిసార్లు బిగించి విప్పిన స్క్రూను నోట్లో వాడకూడదు. ఆర్డరులోనే కొత్త స్క్రూ అడగండి.

టార్క్ చాలా సిస్టమ్‌లలో 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు. సన్న సైజులకు ఇంకా తక్కువ. కంపెనీ ఇచ్చిన అంకెనే పాటించాలి. స్క్రూ తిప్పే డ్రైవర్ గొంతులోకి జారకుండా దానికి ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) కట్టి, నిలువుగా పూర్తిగా దించండి. బిగించాక 10 నిమిషాలు ఆగి అదే టార్క్‌తో మళ్లీ బిగించాలి. ఒత్తిడికి లోహం మీది సూక్ష్మమైన గరుకు అణిగి, ప్రీలోడ్‌లో 2 నుంచి 10 శాతం జారిపోతుంది. హడావిడిలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

స్క్రూ రంధ్రంలో ఆటోక్లేవ్ చేసిన టెఫ్లాన్ టేపు కుక్కి, పైన కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) వేయండి. దూది పెడితే వాసన వస్తుంది.

మళ్లీ వదులైతే ఊరికే బిగించి పంపేయకండి. కాటు ఒకవైపు ఎక్కువ పడుతోందా, అబట్‌మెంట్ వేరే కంపెనీదా అని చూడండి. స్క్రూ విరిగితే వెంటనే డ్రిల్ పట్టొద్దు. ఎక్స్‌ప్లోరర్ (పళ్లు పరీక్షించే సన్నని కొక్కెం) మొనతో అపసవ్యంగా నెమ్మదిగా తిప్పండి. ముక్కలో లాగుడు మిగలదు కాబట్టి, త్రెడ్లు చెడకపోతే చాలాసార్లు దానంతటదే పైకి వస్తుంది.