ట్రే నారు తెల్లబడిందా? యూరియా చల్లేముందు ఒక మొక్క పీకి చూడండి

ట్రేల్లో పెంచే వరి నారు పరదా తీసి రెండు మూడు రోజులైనా పచ్చబడలేదని రైతులు ఫొటో పెట్టి, "యూరియా వేయాలా, జింకు కొట్టాలా" అని అడుగుతారు. ఒక్క మొక్క పీకి చూసినవాళ్లు మాత్రం కనబడరు. ముందు పీకండి. మొలకను చుట్టి ఉండే పొర తెల్లగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు, అది అంతే. అందులోంచి వచ్చిన ఆకు కూడా తెల్లగా ఉంటేనే సమస్య.

తొలి ఆకులే తెల్లబడి, మడంతా ఇంచుమించు ఒకేలా ఉందా?

యాసంగిలో నాకు ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే, ఎరువుతో దీనికి సంబంధం లేదు. దేవదారు జాతి మొలకలు చీకట్లోనే పచ్చబడగలవు కానీ వరి, గోధుమ, మొక్కజొన్నలకు ఆ వీలు లేదు. చీకట్లో అవి ప్రోటోక్లోరోఫిలైడ్ (ఆకుపచ్చ రంగుకు ముందు మెట్టు సరుకు) దాకా తయారుచేసి ఆగిపోతాయి. దాన్ని ముందుకు మార్చే ఎంజైము పీఓఆర్, ఆ సరుకును పట్టుకుని వెలుతురు కోసం కాచుకుని ఉంటుంది. వెలుతురు తగిలిందా, ఆ మార్పు సెకన్లలో అయిపోతుంది, చలి కూడా దాన్ని పెద్దగా ఆపలేదు. కానీ ఆ నిల్వ చాలా కొంచెం. ఆకు నిండా పచ్చదనం రావాలంటే కొత్త సరుకు వస్తూనే ఉండాలి, దాన్ని తయారుచేసే మిగతా ఎంజైములకు వెచ్చదనం కావాలి. అందుకే చలి రాత్రుల్లో లేత ఆకు కాస్త రంగు తిరిగినట్టే తిరిగి అక్కడే ఆగిపోతుంది.

దీనికి తోడు ట్రేలను మరీ ఎక్కువ రోజులు ఒకదానిపై ఒకటి దొంతరగా చీకట్లో ఉంచి, మొలకలు సన్నగా సాగాక, ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచారనుకోండి. ఎంజైము పట్టులో లేని ప్రోటోక్లోరోఫిలైడ్ మీద ఎండ పడితే అది ఆక్సిజన్‌ను విషంలా మార్చి, ఆకు కణాలనే మాడుస్తుంది. అలా తెల్లబడిన చోటు మళ్లీ పచ్చబడదు. కొత్త ఆకు పచ్చగా వస్తుందా లేదా అన్నదే చూడాలి.

ఏం చేయాలి? మొలక సెంటీమీటరు రాగానే దొంతర విప్పండి, సాయంత్రం పూట పరచండి, మొదటి రెండు రోజులు షేడ్ నెట్టో పలచగా గడ్డో కప్పండి. చలికాలమైతే రాత్రి పాలిథిన్ షీటు కప్పి పొద్దున తీసేయండి. మడిలో రాత్రంతా నిలిచి చల్లబడ్డ నీటిని పొద్దున్నే వదిలేసి బోరు నీళ్లు పెట్టండి, అవి కాస్త గోరువెచ్చగా ఉంటాయి. ఊరికే పాలిపోయిన నారు దీంతోనే తేరుకుంటుంది.

పాత ఆకులు పచ్చగానే ఉండి కొత్తవి తెల్లబడుతుంటే ఇనుము లోపం, మెట్ట నారుమడిలో మామూలే. పచ్చదనం తయారీలో ఒక ఎంజైము ఇనుము లేనిదే కదలదు. అన్నభేదిలో (ఫెర్రస్ సల్ఫేట్) కాస్త నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే సరి. కింది ఆకుల నుంచి పసుపు వస్తుంటే నత్రజని లోపం, యూరియా అప్పుడు వేయండి.

ట్రేకి అక్కడో ఇక్కడో ఒక మొక్క పాలలా తెల్లగా ఉంటే అది పుట్టుకతో వచ్చిన లోపం. గింజలో తిండి అయిపోగానే అదే చచ్చిపోతుంది, వదిలేయండి.