పెట్రోల్ జిప్సీ, జిమ్నీ, థార్: పికప్ పెరగాలి, ఖర్చు తగ్గాలి అంటే

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యేసరికి బండి రెండో గేరు వదలనివ్వదు, ఇటు సిటీలో చూస్తే మైలేజీ లేదు. ఈ బాధ పడేవాళ్లు ముందు అడిగేది ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగను అడ్డు లేకుండా వదిలేది) గురించి, తర్వాత గ్యాస్ కిట్ గురించి. రెండూ కాసేపు పక్కన పెట్టండి. పికప్ పడిపోవడానికీ పెట్రోల్ ఎక్కువ తాగడానికీ చాలా బళ్లలో కారణం ఒకటే: ఇంజన్ ఇచ్చే బలాన్ని చక్రం దాకా వెళ్లేలోపే ఏదో తినేస్తోంది. దాన్ని పట్టుకుంటే రెండూ కలిసి బాగుపడతాయి, ఖర్చూ పెద్దగా అవదు.

ముందు లెక్క. డాష్‌బోర్డులో కనిపించే మైలేజీ మీద ఆధారపడకండి. ఒక బంకులో ఫుల్ ట్యాంకు చేయించి ఆటో కట్ పడగానే ఆపించండి, "రౌండ్ ఫిగర్ చేసేస్తా సార్" అన్నా వద్దనండి. 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఆటో కట్ దాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఏ పని చేయించినా ముందోసారి, తర్వాతోసారి ఇలా చూడాలి. నాలుగు పనులు ఒకేసారి చేయిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

విశాఖలో నేనైతే బానెట్ ఎత్తకముందే బ్రేకులు చూస్తాను. ఉప్పుగాలి మహిమ. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట పెట్టే బళ్లకైతే మరీను. డిస్క్ బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారాలి, ఆ పిన్ను మీదుండే రబ్బరు తొడుగు కాస్త చిరిగితే చాలు, లోపలి గ్రీజు ఎండి, తుప్పు పట్టి పిన్ను బిగుసుకుపోతుంది, పెడల్ మీంచి కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలదు. మీరు యాక్సిలరేటర్ తొక్కుతుంటారు, అది బ్రేకు పట్టుకునే ఉంటుంది. తెలుసుకోవడం తేలికే. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు వెళ్లి, మెల్లగా ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (తాకకండి, కాలుతుంది). ఒక్కటి మాత్రం సెగ కొడుతుంటే దొంగ దొరికినట్టే. పిన్నులు బయటికి తీయించి, తుప్పు తుడిపించి సిలికాన్ గ్రీజు పెట్టించండి. షెడ్డులో డబ్బాలో ఉన్న మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోయి కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. వెనక డ్రమ్ములు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా అదే రోజు చూపించేయండి.

తర్వాత టైర్లు. ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది గానీ చెప్పక తప్పదు. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. లుక్ కోసం 235/75 ఆర్15 వేస్తే అది 733 దాటుతుంది, దాదాపు 6 శాతం ఎక్కువ. అంటే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం అంతమేర పడిపోతుంది, పైగా మడ్ టైరు బరువు వేరే. ఓడోమీటరు కూడా మోసం చేస్తుంది, 100 కిలోమీటర్లు తిరిగితే 94, 95 అని చూపిస్తుంది కాబట్టి మైలేజీ లెక్క ఉన్నదానికంటే ఇంకా అధ్వాన్నంగా వస్తుంది. గాలి సంగతి తెలిసిందే, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు. రూఫ్ క్యారియర్ మీద ఏమీ పెట్టకపోతే అది ఊడదీయండి, హైవేలో గాలిని కోయడానికే పెట్రోల్ పోతుంది.

ఈ మూడు బళ్లలోనూ ఫోర్ వీల్ ఉంటే అది పార్ట్‌టైమే, అంటే కావాల్సినప్పుడు మాత్రమే వేసుకునేది. వాన పడిందని తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసుకుని తిరిగేవాళ్లున్నారు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు, మధ్యలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు, దాంతో గేర్లు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. బురద, ఇసుక తప్ప మిగతా చోటల్లా 2హెచ్, అంటే వెనక రెండు చక్రాలే లాగేది. మీ పాత జిప్సీకి ముందు హబ్బుల మీద చేత్తో తిప్పే మూత ఉంటే, దాని మీద బాణం గుర్తు ఫ్రీ వైపు ఉందో లేదో రెండు పక్కలా చూడండి. లాక్‌లో ఉండిపోతే 2హెచ్‌లో కూడా ముందు యాక్సిల్, డిఫరెన్షియల్ ఊరికే తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఇంజన్. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు అందరూ మారుస్తారు, అందరూ మరిచిపోయేది థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. అది తెరుచుకుని ఉండిపోతే హైవేలో టెంపరేచర్ ముల్లు కిందకి జారిపోతుంది, ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఈసీయూలోని అంకెలు చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కుంటే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అన్న అంకె, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో, ఫోన్‌లో కనిపిస్తుంది. అది ప్లస్ పది దాటి నిలబడితే గాలి ఎక్కడో లీకవుతోందని, లేదా సెన్సరో ఫ్యూయల్ పంపో తేడాగా ఉందని. ఆక్సిజన్ సెన్సర్ మార్చేయమనే ముందు ఇది చూడండి. ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లున్న) జిప్సీకైతే టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గరి సందు సరిచేయడం, ముఖ్యం, వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ ఎక్కడుంటుంది? ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, కొత్త ఇంజన్‌కు చిక్కటి 20డబ్ల్యూ-50 మంచిదన్న సలహా వినకండి.

కొంత మైలేజీ మన చేతిలో లేదు. బంకుల్లో ఇప్పుడొచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోల్‌ కంటే మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే 6, 7 శాతం అక్కడే పోతుంది. ప్రీమియం పెట్రోల్ పోయించినంత మాత్రాన ఇది తిరిగి వస్తుందనుకోకండి. ఇంజన్ నాక్ అవకపోతే (బరువు మీద టకటకమని కొట్టుకోకపోతే) దానికి పెట్టే డబ్బు వృథా. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పలచన కాబట్టి టర్బో లేని జిప్సీ, జిమ్నీ కొంచెం నీరసించడం సహజం. దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ వద్దు. గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు తాగుతూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాలిపోతాయి.

బలం కొనాలనే ఉంటే థార్ టర్బోకి మంచి ట్యూనర్ చేత రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయిస్తే తేడా నిజంగా తెలుస్తుంది, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. జిమ్నీకి, జిప్సీకి అదే పని చేయిస్తే చేతికొచ్చేది కొద్దే. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ చప్పుడు పెంచుతుంది, కింది ఆర్‌పీఎంలో లాగే బలం తరచూ తగ్గుతుంది, ఘాట్‌లో మనకు కావాల్సింది అదే కదా.

గ్యాస్ కిట్ లెక్క మీ తిరుగుడుని బట్టి. రోజూ గాజువాక నుంచి మధురవాడ దాకా తిరిగేవాళ్లకు సీఎన్‌జీ డబ్బు మిగులుస్తుంది. కానీ పవర్ పదో వంతు దాకా తగ్గుతుంది, సిలిండర్ వెనక సామాను చోటంతా తినేస్తుంది, వారానికోసారి లంబసింగి కొండల మీదికి పోయే బండికి నేనైతే పెట్టను. పెడితే ఆమోదం ఉన్న కిట్టే, ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి. గ్యాస్ మీద వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి కాబట్టి జిప్సీకి టాపెట్లు ఇదివరకటి కంటే ముందుగానే చూపించండి.