కిలో నువ్వుల్లో గింజలెన్ని? తూకంతో లెక్కగట్టే పద్ధతి

నువ్వుల విత్తనం ఎకరాకు రెండున్నర కిలోలు అంటారు. కానీ గింజ సైజు రకాన్ని బట్టి, పండిన నేలను బట్టి మారుతుంది. వెయ్యి గింజల బరువు తెలిస్తేనే ఎన్ని గింజలు చల్లుతున్నామో తేలుతుంది. మామూలుగా అది 3 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. బస్తా కదిలినప్పుడల్లా చిన్న గింజలు కిందికి జారతాయి, అందుకని పైన, నడుమ, అడుగున తలా ఒక గుప్పెడు తీసి కలపండి. కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మిగతావి తీసేయండి. రెండు చెంచాలు మిగిలేదాకా ఇలాగే చేయండి. అందులో 10 గ్రాములు తూచి మట్టి, పొల్లు, విరిగిన గింజలు ఏరి, ఆ చెత్తను విడిగా తూచి రాసుకోండి. 0.3 గ్రాములు వస్తే నూటికి మూడు పాళ్లు చెత్తే.

శుభ్రమైన గింజల్ని లెక్కపెట్టండి. తెల్ల నువ్వులకు నల్ల కాగితం, నల్ల నువ్వులకు తెల్ల కాగితం పరిచి, పాత విజిటింగ్ కార్డు అంచుతో ఐదేసి చొప్పున పక్కకు జరపండి. బాగున్న గింజల్నే ఎంచుకోకండి, వరసగా వచ్చినవే తీసుకోండి.

ఎన్ని లెక్కపెట్టాలన్నది కాటాను బట్టి. బంగారం తూచే చిన్న కాటాలు 0.01 గ్రాము దాకా చూపుతాయి. వంద గింజలు 0.30 గ్రాములే. ఒక్క అంకె తేడా పడితే నూటికి మూడు పాళ్లు తప్పు, అంటే కిలోకు పదివేల గింజలు. అదే వెయ్యి తూస్తే ఆ తప్పు పదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి ఐదేసి వందల కుప్పలు రెండు చేసి విడివిడిగా తూచండి. ఒకటి 1.51, రెండోది 1.53 వస్తే సరే. నూటికి ఐదు పాళ్లకు మించి తేడా ఉంటే లెక్క తప్పింది, లేదా నమూనా సరిగా కలవలేదు. రెండూ మళ్లీ చేయాలి.

ఫ్యాన్ ఆపి, స్టీలు గిన్నె పెట్టి సున్నా చేయండి. ప్లాస్టిక్ గిన్నెకు ఎండు గింజలు అతుక్కుంటాయి. గింజల్ని ఒక్కసారే పోయండి. కొంచెం కొంచెంగా రాలిస్తే కొన్ని చవక కాటాలు ఆ బరువును సున్నా జరగడంగా భావించి మింగేస్తాయి. గిన్నె దించి మళ్లీ పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది.

పై రెండు కుప్పలూ కలిపి 3.04 గ్రాములు. 1000ని 3.04తో భాగిస్తే గ్రాముకు 329, కిలోకు 3.29 లక్షలు. చెత్త మూడు పాళ్లు తీసేస్తే సుమారు 3.2 లక్షలు. 3,19,130 అని రాయకండి, కాటాకు అంత సత్తా లేదు. మొలక శాతం 80 అయితే మొలిచేవి కిలోకు 2.55 లక్షలు.

రెండున్నర కిలోల్లో మొలిచే గింజలు ఆరు లక్షలు దాటినా, 30 × 15 సెంటీమీటర్ల దూరానికి ఎకరాకు కావలసిన మొక్కలు దాదాపు 90 వేలే. మిగతాది లోతుగా పడినవి, చీమలు పట్టుకుపోయినవి, ఒత్తుగా మొలిచిన మొక్కలు పీకేసినప్పుడు పోయేవి. అందుకే విత్తన మోతాదును ఒక్కసారిగా కోసేయకండి, గింజ సైజుకు సరిచేసుకోండి. వేరే విత్తనం వెయ్యి గింజలు 2.6 గ్రాములే తూగితే, అన్నే గింజలకు 2.5ని 2.6తో గుణించి 3.04తో భాగించాలి: 2 కిలోల 140 గ్రాములు.

తేమను మాత్రం మరవకండి. తేమ 8 శాతం నుంచి 12కు పెరిగితే అదే గింజ నూటికి నాలుగున్నర పాళ్లు ఎక్కువ తూగుతుంది. పోల్చదలచిన రెండు విత్తనాలనూ ఒకేలా ఆరబెట్టి, ఒకే రోజు తూచండి.